హెడ్‌ల్యాంప్ తయారీదారులకు బహిరంగ లేఖ: ఆరో గంటలో వెలుగెంత?

తలకు తగిలించుకునే లైట్లు, అంటే హెడ్‌ల్యాంపులు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, వాటిలో పనిచేసే డిజైన్ ఇంజినీర్లకు,

నమస్కారం.

గుహల్లోకి దిగేవాళ్లం, అర్ధరాత్రి లేచి మంచుకొండలు ఎక్కేవాళ్లం మీ అమ్మకాల్లో పెద్ద వాటా కాదని మాకు తెలుసు. మీ లైట్లు ఎక్కువగా కొనేది పొద్దున్నే పరుగుకు వెళ్లేవాళ్లు, క్యాంపింగుకు వెళ్లేవాళ్లు, కరెంటు పోయినప్పుడు అల్మారాలో వెతుక్కునేవాళ్లు. అయినా ప్రకటనల్లో బొమ్మలు మాత్రం మావే వేస్తారు. తాడుకు వేలాడుతున్న మనిషి, చుట్టూ చీకటి గుహ, లేదంటే నక్షత్రాల కింద మంచు శిఖరం. మా బొమ్మ వేసుకుని అమ్ముతున్నారు కాబట్టి మా గోడు కూడా కాస్త వినండి.

గోడంతా కలిపితే ఒక్క మాటే. మీ లైటు ఏ గంటలో ఎంత వెలుగిస్తుందో మాకు ముందే తెలియాలి. గొప్పగా వెలగడం కన్నా అనుకున్నట్టు వెలగడం మాకు ముఖ్యం. ఇంట్లో లైటు ఆరిపోతే చిరాకు పడతాం. గుహలో ఆరిపోతే ఉన్నచోటే కూర్చోవాలి. అక్కడ చుక్కల వెలుగైనా ఉండదు కాబట్టి కళ్లు అలవాటు పడటమన్న ప్రశ్నే లేదు, అరగంట కూర్చున్నా సొంత చేతి వేళ్లు కనబడవు. అందుకే గుహలోకి వెళ్లే ప్రతి మనిషీ ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు లైట్లు దగ్గర పెట్టుకోవాలన్నది పాత నియమం. ఆ నియమం పుట్టింది లైట్ల మీద నమ్మకం లేకే. ఇన్నేళ్లయినా దాన్ని సడలిద్దామని మాలో ఎవరూ అనడం లేదు. ఎందుకు అనడం లేదో మీరు కాస్త ఆలోచించాలి.

ముందు అట్టపెట్టె మీది అంకెల సంగతి. టార్చీలు, హెడ్‌ల్యాంపులను ఎలా కొలవాలో చెప్పే అమెరికా ప్రమాణం, 2009లో వచ్చిన ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్ 1, మంచి పనే చేసింది. అంతకుముందు ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకునేవాళ్లు. ఆ ప్రమాణం వచ్చాక ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత), వెలుగు వెళ్లే దూరం, వెలిగే కాలం, నీళ్లకు తట్టుకునే శక్తి అన్నిటినీ ఒకే పద్ధతిలో కొలవడం మొదలైంది. కానీ ఆ పద్ధతిలో ఒక వెసులుబాటు ఉంది. వెలుగును కొలిచేది లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. వెలిగే కాలం లెక్క మాత్రం ఆ మొదటి వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా సాగుతుంది. అంటే పెట్టె మీద 1,000 ల్యూమెన్లు, 8 గంటలు అని ఉంటే, వెయ్యి అన్నది మొదటి నిమిషం మాట. ఎనిమిది గంటలన్నది 100 ల్యూమెన్లకు దిగేదాకా పట్టిన కాలం. మధ్యలో ఏం జరిగిందో పెట్టె చెప్పదు. పది నిమిషాలకే 300కు పడి, ఆపైన 150 దగ్గర ఈడ్చుకొచ్చినా ప్రమాణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కొనేవాడు మాత్రం వెయ్యి ల్యూమెన్లు ఎనిమిది గంటలు వస్తాయనే అనుకుంటాడు. అలా అనుకోవాలనే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన, ఒకే సైజులో అచ్చువేస్తారని నా అనుమానం.

నిజానికి ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే మంచి 18650 లిథియం అయాన్ సెల్లు ఒకటి దాదాపు 12 వాట్-అవర్ల శక్తి పట్టుకుంటుంది. ఎల్‌ఈడీ, సర్క్యూట్, లెన్సు నష్టాలన్నీ పోగా వాట్‌కు 100 ల్యూమెన్లు బయటికి వస్తాయనుకుందాం. మొత్తం 1,200 ల్యూమెన్-గంటలు. దాన్ని ఎలా ఖర్చుపెట్టినా అంతే. వెయ్యి చొప్పున గంటా పన్నెండు నిమిషాలు, 200 చొప్పున ఆరు గంటలు, 100 చొప్పున పన్నెండు గంటలు. వెయ్యి ల్యూమెన్లు నిజంగా ఎనిమిది గంటలు రావాలంటే అలాంటి సెల్లులు ఆరేడు నెత్తిన పెట్టుకోవాలి.

వేడి సంగతీ ఇలాంటిదే. వెయ్యి ల్యూమెన్లకు 10 వాట్లు ఖర్చయితే అందులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. గుప్పెడంత డబ్బాలోంచి ఆ వేడి తొందరగా బయటికి పోదు. దాంతో సర్క్యూట్ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. తగ్గించుకోవాలి కూడా, లేకపోతే ఎల్‌ఈడీ చెడిపోతుంది. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టేదేం లేదు. తగ్గుతుందని చెప్పకపోవడమే తప్పు.

గంటలు గడిచేకొద్దీ వెలుగు ఎలా పడిపోతుందో చూపించే గ్రాఫు మీ ల్యాబుల్లో ఉంటుంది. అది గీయకుండా వెలిగే కాలం లెక్కే తేలదు కదా. దాన్ని పెట్టె మీద వేయండి. మామూలు వాతావరణంలో ఒకటి, మైనస్ 10 డిగ్రీల చలిలో ఒకటి. అంత చోటు లేదంటే మూడు అంకెలు వేయండి: మొదటి గంట చివర ఎన్ని ల్యూమెన్లు, మూడో గంట చివర ఎన్ని, ఆరో గంట చివర ఎన్ని. మేము లైటు ఎంచుకునేది ఆ మూడో అంకె చూసే. ఎందుకంటే ఆరో గంటకు మేము అలిసిపోయి, తడిసిపోయి, తిరుగుదారిలో ఉంటాం. కాలు జారేది, తప్పుడు సొరంగంలోకి మళ్లేది అప్పుడే.

అసలు మాకెంత వెలుగు కావాలో కూడా చెప్పాలి. పాకుతూ వెళ్లే సందుల్లో 50 నుంచి 100 ల్యూమెన్లు ఉంటే చాలు, అంతకు మించితే రెండడుగుల దూరంలో ఉన్న గోడ మీద పడి కళ్లలోకే కొడుతుంది. నిలబడి నడిచే చోట 150, 200. లోతైన బావిలాంటి గుంట అడుగు చూడాలన్నా, మంచు వాలు మీద దూరాన పగుళ్లు ఉన్నాయేమో చూడాలన్నా 500 పైన కావాలి, అది కూడా పది ఇరవై సెకన్లు. వెలుగు రెట్టింపైతే కంటికి రెట్టింపుగా కనబడదు. 400కూ 800కూ తేడా పెట్టె మీద కనిపించినంతగా గుహలో కనిపించదు. బ్యాటరీకి మాత్రం తేడా బాగానే తెలుస్తుంది. అందుకని వెయ్యిని పదిహేను వందలు చేసే పోటీ మానేసి, 150 ల్యూమెన్లను పది గంటలపాటు చెక్కుచెదరకుండా ఇచ్చే లైటు చేయండి. అది చూడ్డానికి బీదగా ఉంటుంది, పోటీ కంపెనీ పెట్టె పక్కన వెలవెలబోతుంది, నిజమే. కానీ గుహలు దిగేవాళ్లు, కొండలెక్కేవాళ్లు ఒకరి లైటు గురించి ఒకరు అడిగి తెలుసుకునే కొంటారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం గుహలను వెతికి చూసింది కార్బైడ్ దీపాలతోనే. కాల్షియం కార్బైడ్ మీద చుక్కచుక్కగా నీళ్లు పడితే అసిటిలీన్ గ్యాసు పుడుతుంది, అది మండి వెలుగిస్తుంది. దాంతో బాధలు తక్కువేం కాదు. తాడుకు మంట తగిలితే నైలాన్ కరిగిపోతుంది, వాడేసిన సున్నపు ముద్దను బయటికి మోసుకురావాలి. దాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అడగడం లేదు. కానీ దానికి ఒక మంచి గుణం ఉండేది. అయిపోయే ముందు చెప్పేది. మంట చిన్నదవుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది, ఇంక కార్బైడ్ మార్చుకోవాలని అర్థం. పాత బల్బు టార్చీలదీ అదే తీరు, వెలుగు ఎర్రబడుతూ పోయేది.

ఇప్పటి ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు బ్యాటరీ తగ్గుతున్నా వెలుగును ఒకే స్థాయిలో నిలబెడతాయి. మంచి విషయమే, మేము అడిగేదీ అదే. అయితే దీని రెండో ముఖం ఏమిటంటే ఆఖర్లో హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పడిపోవడం. కొన్ని లైట్లయితే పూర్తిగా ఆరిపోతాయి, లిథియం సెల్లు మరీ ఖాళీ అయితే చెడిపోతుంది కాబట్టి రక్షణ సర్క్యూట్ కరెంటును తెంచేస్తుంది. నాతో వచ్చిన ఒకాయనకు తాడు మీద పైకి ఎక్కుతుండగా, రెండు చేతులూ పనిలో ఉండగా అలా జరిగింది. ఒక బ్లింకు లేదు, మసకబారడం లేదు. సెల్లు క్షేమంగా ఉంది. మనిషి సంగతే ఆ సర్క్యూట్‌కు పట్టలేదు. కింద ఉన్న నేను నా లైటును పైకి తిప్పి పట్టుకుంటే ఆయన తడుముకుంటూ మెడలోని చిన్న లైటు వేసుకున్నాడు.

దీనికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. బ్యాటరీలో చివరి ఐదు శాతాన్ని పక్కన పెట్టండి. పైన వేసిన లెక్క ప్రకారం అది 60 ల్యూమెన్-గంటలు. 20 ల్యూమెన్ల చొప్పున మూడు గంటలు వస్తుంది. నిలబడి బ్యాటరీ మార్చుకోవడానికి, లేదంటే మెల్లగా బయటపడటానికి 20 ల్యూమెన్లు సరిపోతాయి. ఆ స్థాయికి దిగే ముందు ఒకటి రెండుసార్లు కాస్త మసకబారి మళ్లీ వెలగాలి. పూర్తిగా ఆరి వెలగకూడదు, సరిగ్గా కాలు పెట్టబోయే క్షణంలో ఆరితే హెచ్చరికే ప్రమాదమవుతుంది.

బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే చుక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలా లైట్లు వోల్టేజీ కొలిచి చుక్కలు వెలిగిస్తాయి. లిథియం సెల్లు వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడు 4.2, చివర్లో 3 చుట్టుపక్కల. మధ్యలో చాలాసేపు పెద్దగా కదలదు. అందుకే మూడు చుక్కలు గంటలకొద్దీ అలాగే ఉండి, ఆ తర్వాత చకచకా ఆరిపోతాయి. ఎంత కరెంటు బయటికి పోయిందో లెక్కపెట్టే చిప్పులు ఫోన్లలో ఏనాటి నుంచో ఉన్నాయి. అదే ఇక్కడా పెట్టండి. చుక్కల బదులు ఇప్పుడున్న వెలుగులో ఇంకా ఎన్ని గంటలో చెబితే ఇంకా మేలు.

ఇక చలి. లిథియం అయాన్ సెల్లులో చలికి అయాన్ల కదలిక మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఎక్కువ వెలుగు అడిగామంటే వోల్టేజీ కుంగిపోతుంది, సర్క్యూట్ బ్యాటరీ అయిపోయిందనుకుని వెలుగు తెంచేస్తుంది. అదే సెల్లును జాకెట్ లోపల కాసేపు పెట్టుకుని వేడెక్కిస్తే మళ్లీ పనిచేస్తుంది, అంటే శక్తి అందులోనే ఉంది. ఆల్కలైన్ సెల్లుల పరిస్థితి ఇంకా అన్యాయం, వాటిలో ఉండేది నీళ్లతో కలిపిన రసాయనం. మంచుకొండ మీద పనికొచ్చేవి లిథియం ఐరన్ డైసల్ఫైడ్ ఏఏ సెల్లులు. మైనస్ 40 దాకా పనిచేస్తాయి, ఆల్కలైన్ కన్నా తేలిక కూడా. చార్జ్ చేసుకోవడం కుదరదు, అంతే.

మేము అడిగేది బ్యాటరీని జాకెట్ లోపల పెట్టుకునేలా ఒక పొడుగు వైరు. కొన్ని మోడళ్లలో ఇచ్చేవారు, ఇప్పుడు తగ్గించేస్తున్నారు. ఆ వైరు పీవీసీది అయితే చలికి కర్రలా బిగుసుకుంటుంది, సిలికోన్ పూతది కావాలి. ప్లగ్గు మందపాటి గ్లౌజులతో ఊడదీయగలిగేలా ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట, సున్నా డిగ్రీల కింద లిథియం అయాన్ సెల్లును చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది. డేరాలో పవర్‌బ్యాంకుకు తగిలించి పడుకునేవాళ్లకు ఇది గుర్తుండదు. లైటుకు గుర్తుండాలి. ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, చల్లగా ఉన్నంతసేపూ చార్జింగ్ తీసుకోనని చెప్పించండి.

బ్యాటరీని డబ్బాలో సీలు వేసి అమ్మడం గురించి మాకు నిజంగానే కోపం ఉంది. ప్రపంచంలోకెల్లా లోతైన గుహల్లో ఒకటైన వెర్యోవ్కినా 2,200 మీటర్లకు పైగా లోతు. అలాంటి చోట్ల అడుగుకు చేరి తిరిగి రావడమంటే రోజుల తరబడి లోపలే క్యాంపులు వేసుకుని ఉండాలి. అక్కడ చార్జింగ్ పాయింటు ఎక్కడిది? విడి సెల్లులు మోసుకెళ్లాలి, చీకట్లో మార్చుకోవాలి. సీలు వేసిన లైటయితే బ్యాటరీ అయిపోగానే నెత్తి మీద బరువు. రెండు మూడేళ్లకు సెల్లు ముసలిదైతే లైటు మొత్తం చెత్తబుట్టకే.

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకోగలగాలి. అయితే ఎక్కువగా తడిలో పనిచేయడానికి చేసిన, కడుక్కోగల పరికరాలకు కొంత మినహాయింపు ఉంది. వాటి బ్యాటరీని సాంకేతిక నిపుణులు తీయగలిగితే చాలు. మా లైట్లు తడిసేవే కదా అని ఆ సందులోంచి జారుకునే ఆలోచన ఏదైనా ఉంటే దయచేసి మానుకోండి. నీళ్లలో వాడే లైట్లకు మూత తిప్పి సెల్లు మార్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నీళ్లు దూరకుండా ఒక రబ్బరు ఓ-రింగు, దానికి కాస్త సిలికోన్ గ్రీజు, అంతకన్నా ఏం కావాలి? సెల్లు కూడా 18650, 21700 లాంటి అందరికీ దొరికేదే పెట్టండి. సొంత సెల్లుకు మాత్రమే సరిపోయేలా అదనపు కాంటాక్టులు పెట్టి, ఆ తర్వాత ఆ మోడల్ ఆపేయడం మంచి పని కాదు.

ఇక స్విచ్. ఒక్క బటన్ పెట్టి, దానికే అన్ని పనులూ కట్టబెడుతున్నారు. ఒకసారి నొక్కితే తక్కువ, రెండుసార్లు నొక్కితే ఎక్కువ, పట్టుకుంటే ఎర్ర లైటు, మూడుసార్లు నొక్కితే తాళం, పొరపాటున ఎక్కువసేపు పట్టుకుంటే స్ట్రోబ్, అంటే గబగబా ఆరి వెలిగే మెరుపులు. ఇంట్లో సోఫాలో కూర్చుని నొక్కితే బాగానే ఉంటుంది. బురద పట్టిన మందపాటి గ్లౌజుతో, ఆ బటన్ మీదే బురద ముద్ద కూర్చుని ఉండగా నొక్కి చూడండి. వేలికి నొక్కినట్టే తెలియదు. ఒకసారి పడిందో రెండుసార్లు పడిందో అర్థం కాదు. తాడు మీద ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మారుతున్నప్పుడు, ఒక చేయి తాడును వదలలేని స్థితిలో ఉన్నప్పుడు స్ట్రోబ్ మొదలైతే ఎలా ఉంటుందో మీ మార్కెటింగ్ వాళ్లను ఒక్కసారి వేలాడదీసి చూపించాలని ఉంది. తిప్పే స్విచ్ ఇవ్వండి. టక్ టక్‌మని ఒక్కో మెట్టు చేతికి తెలియాలి. ఒక చివర ఆఫ్, ఇంకో చివర ఎక్కువ. సంచిలో దానంతటదే వెలగకుండా గట్టి తాళం ఉండాలి.

స్ట్రోబ్ తీసేసిన చోట పనికొచ్చేది ఒకటి పెట్టొచ్చు. కొండల్లో ఆపదలో ఉన్నామని చెప్పే సంకేతం 19వ శతాబ్దం చివరి నుంచీ ఒకటే. నిమిషానికి ఆరుసార్లు, ఆ తర్వాత ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. అందిందని జవాబు చెప్పేవాళ్లు నిమిషానికి మూడుసార్లు. ఈల వేసినా, లైటు చూపినా ఇదే పద్ధతి. ఒక్కో మెరుపు ఒక సెకను అనుకుంటే రెండు నిమిషాల్లో లైటు వెలిగేది ఆరు సెకన్లే. 200 ల్యూమెన్లతో ఆరు గంటలు వచ్చే బ్యాటరీ ఈ పద్ధతిలో ఐదు రోజులదాకా లాగుతుంది. కాలు విరిగి పడి ఉన్న మనిషి చేత్తో లెక్కపెట్టుకుంటూ ఇది చేయలేడు. లైటు చేయగలదు. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు లైన్లు, అంతే కదా?

వెలుగు పరుచుకునే తీరు గురించి. దగ్గర పనికి వెడల్పుగా, ఒకేలా పరుచుకునే వెలుగు కావాలి, నడిమధ్య తెల్లటి మచ్చ ఉంటే కళ్లు గంటకే అలసిపోతాయి. దూరం చూడటానికి సన్నటిది కావాలి. రెండూ విడివిడిగా వెలిగించుకోగలగాలి, అవసరమైతే కలిపి. తడి గుహలో ఇంకో చిక్కుంది. మన ఊపిరి, తడి బట్టల్లోంచి లేచే ఆవిరి కళ్ల ముందే మబ్బులా తేలుతుంటాయి. నుదుటి మీది లైటు ఆ ఆవిరి మీద పడి తిరిగి కళ్లలోకే వస్తుంది. ముందు తెల్లటి తెర, దాని వెనక ఏమీ లేదు. వెలుగు పెంచితే తెర ఇంకా చిక్కబడుతుంది. అప్పుడు లైటు ఊడదీసి నడుము దగ్గర పట్టుకుంటే ఒక్కసారిగా నేల, రాళ్లు, అంచులు అన్నీ తేలతాయి. కొండ మీద పొగమంచులోనూ ఇంతే. కాబట్టి హెల్మెట్ నుంచి ఒక్క చేత్తో తీసి, మళ్లీ ఒక్క చేత్తో తగిలించుకునే ఏర్పాటు కావాలి. ముందున్న వస్తువు దూరాన్ని బట్టి వెలుగును తనే మార్చుకునే సెన్సర్ లైట్లు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తాయి. ఆవిరిని గోడ అనుకుని మసకబారిపోతాయి. ఆ సెన్సర్ ఉంచండి, కానీ ఆపేసుకునే వీలూ ఇవ్వండి, ఆపేశాక ఆపేసినట్టే ఉండాలి.

కొన్ని లైట్లు వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. మామూలుగా తెలియదు. జలపాతం పక్కన తాడు మీద ఉన్నప్పుడు చూడండి, పడే ప్రతి చుక్కా గీతలా కాకుండా తెగిపోయిన చుక్కల వరుసలా కనిపిస్తుంది, కాసేపటికి తల తిరుగుతుంది. కరెంటునే తగ్గించే సర్క్యూట్ వాడితే ఈ బాధ లేదు. రంగులు సరిగ్గా చూపించే ఎల్‌ఈడీలు, సీఆర్ఐ 90 పైన ఉన్నవి, కొన్ని ల్యూమెన్లు తక్కువిస్తాయి. పెట్టె మీద అంకె తగ్గుతుందనే మీరు వాటిని పెట్టరు. మాకు మాత్రం తడి బంకమట్టికీ రాయికీ తేడా తెలియడం, రెండు తాళ్లలో ఏది ఏదో తెలియడం, గాయమైతే రక్తం రంగు తెలియడం ముఖ్యం.

నీళ్లకు తట్టుకుంటుందని పెట్టె మీద వేసే ఐపీఎక్స్7 గుర్తుకు అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట. మంచినీళ్లు, కదలకుండా. వేడెక్కిన లైటు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీళ్లను లోపలికి లాగుతుంది. అలా పరీక్షించండి, బురద నీళ్లలో కూడా. చార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత పెట్టి వాటర్‌ప్రూఫ్ అనడం నడవదు, ఇసుక రేణువు ఒక్కటి చాలు ఆ మూత బిగుసుకోకుండా చేయడానికి. ఇక దెబ్బల పరీక్ష. ప్రమాణం అడిగేది కనీసం మీటరు ఎత్తు నుంచి పడేయమని. హెడ్‌ల్యాంప్ ఉండేది తల మీద. మీ ఆఫీసులో ఎవరి తల మీటరు ఎత్తులో ఉంది?

అయస్కాంతాల గురించి ఇప్పటిదాకా మీతో ఎవరైనా చెప్పారో లేదో. చార్జింగ్ వైరు అతుక్కోవడానికి అయస్కాంతం, ఇనుప గోడకు లైటు అతికించడానికి అయస్కాంతం. గుహ మ్యాపు గీసేవాళ్లు దిక్సూచిని కంటి దగ్గర పెట్టుకుని చదువుతారు. నుదుటి మీద అయస్కాంతం ఉంటే ముల్లు పక్కకు జరుగుతుంది, మ్యాపు మొత్తం వంకర పోతుంది. అలాగే కొండ మీంచి జారిపడ్డ మంచు కింద కూరుకుపోయినవాళ్లను వెతికే రేడియో పరికరాలు, ట్రాన్స్‌సీవర్లు, 457 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. వెతికేటప్పుడు ఎలక్ట్రానిక్ వస్తువులను వాటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటారు. చీకట్లో వంగి మంచు దగ్గరగా వెతుకుతున్న మనిషికి హెడ్‌ల్యాంపును అంత దూరం పెట్టడం అన్నిసార్లూ కుదరదు. మీ సర్క్యూట్ ఆ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద చేస్తుందో కొలిచి మాన్యువల్‌లో రాయండి.

పట్టీలు, క్లిప్పులు, బరువు ముందూ వెనకా సమంగా ఉండటం వంటివి మీకు తెలియనివి కావు. విడిభాగాలు మాత్రం విడిగా అమ్మండి, ఒక ఓ-రింగు కోసం కొత్త లైటు కొనిపించకండి.

ఇన్ని అడిగితే ధర పెరుగుతుందంటారు. కొన్ని తీసేయండి. బ్లూటూత్ యాప్ వద్దు, రంగురంగుల లైట్లు వద్దు, పన్నెండు మోడ్‌లు వద్దు. మూడు మెట్లు, ఒక ఆపద సంకేతం చాలు. తర్వాతి మోడల్ ఖరారు చేసే ముందు ఆ బృందంలో ఒక్కొక్కరికీ గ్లౌజులు తొడిగించి, చేతులు బురదలో ముంచి, లైట్లన్నీ ఆర్పేసిన గదిలో బ్యాటరీ మార్చమనండి. ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు సెల్లు చేజారిందో రాసిపెట్టుకోండి. ఆ కాగితాన్ని గంటల గ్రాఫుతో పాటు బయటపెట్టే మొదటి కంపెనీ లైటు కొనడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
గుహల్లోనూ కొండల మీదా మీ లైట్లు వాడే ఒకడు